పెళ్లికొడుకును వదిలేస్తున్నాను

డబ్లిన్, ఒహాయో
ఆగస్టు 30

ప్రియమైన రంగా,

పోయిన ఆదివారం ఫోనులో నువ్వు వేసిన ప్రశ్నకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. "వేట మొదలవడానికి ఇంకా నెల ఉందంటున్నావు, మరి ప్రతి శనివారం ఆ అడవిలో ఏం చేస్తున్నావు? కనిపించినదాన్ని కొట్టడమే కదా వేటంటే" అన్నావు. ఆత్మకూరులో, నల్లమల అంచున, చెంచుల విల్లంబులు చూస్తూ పెరిగిన మనకు అలా అనిపించడం సహజమే. అయితే నేను బాణం వదిలే క్షణం ఏడాదికి ఏ ఒక్కటో రెండో ఉంటుంది, కొన్నేళ్లు అదీ ఉండదు. తక్కిన కాలమంతా చూడటానికి, రాసుకోవడానికి, ముఖ్యంగా దేన్ని కొట్టకూడదో తేల్చుకోవడానికి సరిపోతుంది. ఆ సంగతి తీరిగ్గా రాస్తున్నాను. నీకు చదివే ఓపిక ఉందని తెలుసు కనుక కుదించి రాయడం లేదు.

ముందు ఇక్కడి నియమం చెప్పాలి, ఎందుకంటే నా తలనొప్పికంతా అదే మూలం. ఒహాయోలో ఒక మనిషి ఏడాదికి ఒక్క కొమ్ముల దుప్పినే కొట్టాలి. విల్లుతో కొట్టినా తుపాకితో కొట్టినా, రాష్ట్రంలోని 88 కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటివాటిలో, ఎక్కడ కొట్టినా, ఒకటి పడిందంటే ఆ ఏటికి పోతుల లెక్క ముగిసినట్టే. పెంటి దుప్పుల లెక్క వేరు, అది కౌంటీని బట్టి మారుతుంది. విల్లు వేట సెప్టెంబరు చివరి శనివారం మొదలై ఫిబ్రవరి మొదటి రోజుల దాకా సాగుతుంది. దుప్పి పడిన మరుసటి రోజు మధ్యాహ్నం పన్నెండు గంటల లోపల ప్రభుత్వానికి తెలియజేసి నంబరు తీసుకోకపోతే అది దొంగవేట కిందికి వస్తుంది. మన దేశపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అడవి జంతువును వేటాడటమంటే జైలే అని తెలిసిన నీకు ఇది వింతగానే ఉంటుంది. ఇక్కడ కథ మరో దారిన నడిచింది. గత శతాబ్దపు మొదటి ఏళ్లకు ఒహాయోలో దుప్పి దాదాపు అంతరించిపోయింది. మళ్లీ పెరిగాక 1943లో మూడంటే మూడు కౌంటీల్లో వేట తెరిచారు, 1956 నాటికి అన్ని కౌంటీల్లోనూ తెరిచారు. ఇప్పుడు మా ఆవిడ పెరట్లో వేసిన చిక్కుడు తీగను నెలకోసారి మొదలంటా మేసి పోయేటన్ని ఉన్నాయి.

మరో సంగతి కూడా ముందే చెప్తే తరువాత రాసేది సులువుగా అర్థమవుతుంది. మన కృష్ణజింక ఇర్రికి కొమ్ములు బతికినన్నాళ్లూ అవే ఉంటాయి. ఇక్కడి తెల్లతోక దుప్పి అలా కాదు. మన చుక్కల దుప్పికీ కణుజుకీ మాదిరిగానే దీని కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. చలికాలం చివర రాలతాయి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నూగుతోలు కింద పెరుగుతాయి, సెప్టెంబరు మొదట్లో ఆ తోలు ఊడిపోతుంది. అంటే నిరుడు చూసిన పోతును ఈ ఏడాది కొమ్ములను బట్టి గుర్తుపట్టడం అంత నమ్మకమైన పని కాదు. చెవి చిరుగు, గొంతు మీది తెల్లమచ్చ, నడక, ఇవే ఆధారాలు.

నేను వేటాడే చోటు లోగన్ ఊరికి దక్షిణంగా, హాకింగ్ కౌంటీ గుట్టల్లో ఉంది. ఇంటి నుంచి కారులో గంటన్నర. ఎనభై దాటిన రైతు ఒకాయన భూమి, 110 ఎకరాలు. పల్లంలో సోయాచిక్కుడు చేను, దానిపైన రెండు గట్లు, ఆ గట్ల మధ్య చిన్న కనుమ, గట్ల మీద వైట్ ఓక్ చెట్లు. పరాయి భూమిలో వేటాడాలంటే ఇక్కడ యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆయన ఏటా జూన్‌లో ఒక కాగితం మీద సంతకం చేసి ఇస్తాడు, బదులుగా నేను రెండు శనివారాలు ఆయన గడ్డిమోపులు కొట్టంలోకి ఎక్కిస్తాను. ఆ రెండు రోజులు నా నడుము పడే బాధ చూస్తే అనుమతి ఊరికే దొరికిందని ఎవరూ అనరు.

జూలై, ఆగస్టు నెలల్లో తప్పనిసరైతే తప్ప నేను అడవిలోకి అడుగు పెట్టను. పొద్దు వాలే వేళకు రోడ్డు పక్కన కారు ఆపి, బైనాక్యులర్‌తో చేను వంక చూస్తూ కూర్చుంటాను. పచ్చటి సోయా ఆకు కోసం పోతులన్నీ గుంపుగా దిగుతాయి. నూగుతోలు ఉన్నంతకాలం వాటికి ఒకదానితో ఒకదానికి పేచీ ఉండదు, బ్రహ్మచారుల మఠంలాగా కలిసి మేస్తాయి. తోలు ఊడి గట్టి కొమ్ము బయటపడిన వారం పది రోజుల్లో ఆ మఠం చెదిరిపోతుంది. ఈ ఆగస్టులో ఏడింటిని లెక్కపెట్టాను. అందులో నాలుగు ఇంకా పసివి. మిగిలిన మూడింటి గురించే నా మథనమంతా.

వయసు ఎలా చెప్తావని అడుగుతావు. మీ నాన్నగారు సంతలో ఎద్దు నోరు తెరిచి చూసి రెండు పళ్లదా, ఆరు పళ్లదా అని ఒక్కమాటలో తేల్చేవారు కదా, అదే విద్య ఇక్కడా ఉంది, కాని అది దుప్పి పడిన తరువాత మాత్రమే పనికొస్తుంది. పడకముందు ఒంటిని చూసి చెప్పాలి. మే, జూన్ నెలల్లో పుడతాయి కాబట్టి వేట కాలానికి అన్నింటి వయసూ ఏళ్ల మీద ఒక అర లెక్కలో ఉంటుంది: ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర. ఒకటిన్నరేళ్లది కొమ్ములు తగిలించిన పెంటిలా ఉంటుంది, మెడ సన్నం, కాళ్లు పొడవు. రెండున్నరకు కూడా కాళ్లు ఒంటికి మించినట్టే కనిపిస్తాయి. మూడున్నరకు ఛాతీ దిగుతుంది కాని నడుము బిగువుగానే ఉంటుంది, పందెపు గుర్రంలా. నాలుగున్నరకు పొట్ట ఛాతీకి సమంగా దిగి, మెడ వచ్చి నేరుగా గుండెల్లో కలిసిపోయినట్టుంటుంది, కాళ్లు పొట్టివయ్యాయా అనిపిస్తుంది. ఐదున్నర దాటితే వీపు కుంగుతుంది, పొట్ట వేలాడుతుంది. కొమ్ములు పూర్తిగా బలిసేది కూడా ఐదారేళ్లకే. అందుకే నేను కొమ్ములు చివర చూస్తాను; ముందు కొమ్ములను బొటనవేలితో మూసి, కింది ఒంటిని మాత్రమే చూసి వయసు రాసుకుంటాను. ఈ అలవాటు ఊరికే రాలేదు.

2021 నవంబరులో ఒక తెల్లవారుజామున మంచె మీద ఉండగా ఒక పోతు వచ్చింది. మంచె అంటే నిజంగా మంచే రంగా, చెట్టుకు బిగించిన ఇనుప మంచె, నడుముకు తాడు; చేనుకావలి మంచెకు దీనికి తేడా ఒక్క వడిసెల లేకపోవడమే. మంచులో ఆ పోతు కొమ్ములు బ్రహ్మాండంగా కనిపించాయి. నాలుగున్నర ఉంటుందని నాకు నేను చెప్పుకొని బాణం వదిలాను. బాణం తగలవలసిన చోటే తగిలింది, దుప్పి ఎనభై గజాల లోపలే పడింది. దగ్గరికి వెళ్లేసరికి అది అడుగడుగుకీ చిన్నదైపోతూ వచ్చింది. ఇంటికి తెచ్చాక దవడ తెరిచి చూశాను. మొదటి పెద్ద దంతం అంచు ఇంకా కత్తిలా వాడిగా ఉంది, తెల్లటి పింగాణీ మధ్య గోధుమరంగు గీత సన్నగా ఉంది. రెండున్నరేళ్లు, అంతకు ఒక్క నెల ఎక్కువ కాదు. మాంసం బాగానే ఉంది, ఆ ఏడాది అందరం తిన్నాం. కాని ఒక్క పోతుకే అవకాశం ఉన్న చోట నేను ఆత్రంతో తప్పు చదివానన్న సంగతి మాత్రం చాలాకాలం మింగుడుపడలేదు. ఆ దవడ ఇప్పటికీ నా బల్ల మీద ఉంది, మా ఆవిడ రెండుసార్లు పారేయబోయింది.

ఇక ఆ ముగ్గురి సంగతి. ఇక్కడి వేటగాళ్లు ప్రతి పోతుకూ పేరు పెట్టుకుంటారు. నేనూ పెట్టాను, తెలుగులోనే.

మొదటివాడు పెళ్లికొడుకు. పది మొనల కొమ్ములు, కుడి ఎడమలు అద్దంలో చూసుకున్నట్టు సమానం. చేనులోకి దిగేటప్పుడు అందరికన్నా ముందు దిగుతాడు, అందరి కళ్లూ తన మీదే ఉన్నాయని తెలిసినట్టు తల ఎత్తి నిలబడతాడు. ఇక్కడ కొమ్ములను అంగుళాల్లో కొలిచే ఒక పద్ధతి ఉంది. 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు లెక్క అది. విల్లు వేటగాళ్ల పోప్ అండ్ యంగ్ క్లబ్బు కూడా దాన్నే పాటిస్తుంది, మామూలు ఆకారపు కొమ్ములకు 125 అంగుళాలు దాటితే వాళ్ల పుస్తకంలో పేరు ఎక్కుతుంది. పెళ్లికొడుకు 140 దగ్గర ఉంటాడని నా అంచనా. నాతో పనిచేసే ఒకాయనకు ఫోటో చూపిస్తే, "దీన్ని వదిలేస్తానంటే నీకు పిచ్చి పట్టినట్టే" అన్నాడు. కొమ్ములు మూసి చూస్తే మాత్రం నడుము బిగువుగా ఉంది, వీపు సూటిగా ఉంది. మూడున్నర.

రెండోవాడు పెద్దాయన. ఎనిమిది మొనలే, అంత పొడవైనవి కూడా కావు, మొదళ్లు మాత్రం నా మణికట్టుకన్నా లావు. వీపు కుంగింది, పొట్ట దిగింది, గుంపులో ఉన్నా చివరనే ఉంటాడు, చేనులోకి బాగా చీకటి పడ్డాక గాని రాడు. ఐదున్నరో ఆరున్నరో, అంతకు తక్కువ మాత్రం కాదు.

మూడోవాడు వంకరకొమ్ము. కుడి కొమ్ము బాగానే ఉంది, ఎడమది మాత్రం కరిగిన కొవ్వొత్తిలా చెంప మీదికి వంగింది. కుడి వెనక కాలు కుంటుతాడు. ఆ రెండింటికీ సంబంధం ఉంది: దుప్పికి వెనక కాలు దెబ్బతింటే చాలాసార్లు దానికి ఎదురు పక్క కొమ్ము వంకరపోతుంది. ఇతనికి నాలుగున్నర. క్లబ్బు లెక్కలో రెండు పక్కల తేడాను కోసేస్తారు కాబట్టి వాళ్ల దృష్టిలో ఇతడికి విలువే లేదు. ఆ లెక్కను నేను గౌరవిస్తాను కాని కుంటికాలితో రెండు ఒహాయో చలికాలాలు దాటినవాడిని అంగుళాలతో కొలవడం నాకు నచ్చదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఎండాకాలపు ఫోటోలు నమ్మి మోసపోయినవాళ్లు ఇక్కడ కోకొల్లలు, వాళ్లలో నేనూ ఒకణ్ణి. సోయా ఆకు పసుపుబారగానే చేనులో మేత పోతుంది; అప్పటికి వైట్ ఓక్ కాయలు రాలడం మొదలవుతుంది. ఎర్ర ఓక్ కాయలకున్నంత వగరు వీటికి ఉండదు కాబట్టి ఉన్న దుప్పులన్నీ వాటి కిందికే చేరతాయి. మన అడవిలో ఇప్పపువ్వు రాలే రోజుల్లో జంతువులన్నీ ఆ చెట్ల చుట్టూ ఎలా తిరిగేవో గుర్తుతెచ్చుకో. అదే సమయానికి కొన్ని పోతులు ఎండాకాలం గడిపిన చోటు వదిలి, మైలో రెండు మైళ్లో దూరాన తమ చలికాలపు చోటుకు మారిపోతాయి. కాబట్టి ఆగస్టులో నీ చేనులో కనిపించినవాడు అక్టోబరులో నీవాడు కాకపోవచ్చు. ఈ సంగతి తేల్చేవి నిరుటి ఫోటోలే. ఎదుట జంతువు కదిలితే వాటంతటవే ఫోటో తీసే ట్రెయిల్ కెమెరాలు ఐదు చెట్లకు కట్టి ఉంచాను, ఫోటోలు నేరుగా నా ఫోనుకే వస్తాయి. పెళ్లికొడుకు ఎడమ చెవికి చిన్న చిరుగు ఉంది. ఆ చిరుగు పట్టుకొని నిరుటి ఫోటోలన్నీ వెతికితే, సెప్టెంబరు రెండో వారం తరువాత అతని జాడే లేదు, మళ్లీ జూన్‌లో కనిపించాడు. వంకరకొమ్ము అక్టోబరు నుంచి జనవరి దాకా పడమటి గట్టు మీదే ఉన్నాడు, సగం ఫోటోలు పగటివే. పెద్దాయన అక్టోబరు మూడో వారంలో ప్రత్యక్షమయ్యాడు, అన్నీ రాత్రి ఫోటోలు, నవంబరు మొదటి పది రోజుల్లో మాత్రం రెండుసార్లు పగటివేళ కనుమ దాటాడు.

కెమెరాలు ఫోనుకు ఫోటోలు పంపని రోజుల్లో నేనే వారం వారం వెళ్లి కార్డులు మార్చేవాణ్ణి. దుప్పి పడుకునే చోట్ల మధ్యలోంచి నా చెమట వాసన మోసుకుంటూ నడిచాను. మూడు వారాల్లో ఆ గట్టు మీద పగటిపూట ఒక్క పోతు మిగల్లేదు. ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆరాటంతో జరగవలసినదాన్ని నేనే చెడగొట్టుకున్నాను. ఇప్పుడు బ్యాటరీలు మార్చవలసి వస్తే వాన పడబోయే రోజు మిట్టమధ్యాహ్నం, రబ్బరు బూట్లతో వెళ్లి వస్తాను, అంతే.

వాసన మాట వచ్చింది కాబట్టి గాలి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఈ వేటలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం అదే. దుప్పి కంటిని మోసం చెయ్యవచ్చు, చెవిని కూడా కొంతవరకు, ముక్కును మాత్రం చెయ్యలేం. మా తాత కళ్లంలో వడ్లు తూర్పారపట్టేటప్పుడు చేట ఎత్తి, గాలివాలు చూసి, ఒక్క అడుగు పక్కకు జరిగేవాడు. ఆ ఒక్క అడుగు విలువ నాకు ఈ గుట్టల్లో తెలిసింది. వాతావరణ సూచనలో వాయవ్యపు గాలి అని ఉంటుంది, గుట్ట మీద అది నిజమే. లోయలో మాత్రం గాలి తన ఇష్టం. పొద్దెక్కి నేల వేడెక్కుతుంటే గాలి వాలు వెంబడి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడగానే నీళ్లలా కిందికి జారుతుంది. పొద్దున పనికొచ్చిన మంచె సాయంత్రం శత్రువవుతుంది. దీన్ని కనిపెట్టడానికి వేటగాళ్లు జేబులో మిల్క్‌వీడ్ కాయ పెట్టుకుంటారు. అది మన జిల్లేడుకు చుట్టమైన మొక్క, లోపల అచ్చం జిల్లేడు దూదే. మంచె మీద నుంచి ఒక పోగు వదిలితే అది నా వాసన ఎక్కడిదాకా పోతుందో చూపిస్తూ తేలిపోతుంది. చిన్నప్పుడు బడి వెనక ఆ దూది ఊదుకుంటూ తిరిగిన ఇద్దరిలో ఒకడు ఈ వయసులో అదే పని చేస్తున్నాడని నవ్వుకో.

ఇదంతా కలిపి చూసి నిన్న రాత్రి లెక్క తేల్చాను. పెళ్లికొడుకును వదిలేస్తున్నాను, అక్టోబరులో దారి తప్పి నా మంచె కిందికి వచ్చినా సరే. కంచె అవతల ఇంకెవరో కొట్టేస్తారని తోటి ఉద్యోగి అంటాడు, కొట్టవచ్చు. ఆ భయంతో నేను తొందరపడితే మళ్లీ ఆ పాత దవడ దగ్గరికే వచ్చినట్టు. మిగిలినవాళ్లు ఇద్దరు, నా దగ్గర ఉన్నది ఒక్క అవకాశం. సులువుగా దొరికేవాడు వంకరకొమ్మే, అక్టోబరులోనే దొరుకుతాడు. కాని అతణ్ణి అప్పుడే కొట్టేస్తే నవంబరులో పెద్దాయన ఎదురుగా నిలబడినా చేతులు కట్టుకొని చూడాలి. వంకరకొమ్ము జనవరిలో కూడా అక్కడే ఉంటాడని నిరుటి ఫోటోలు చెప్తున్నాయి. పెద్దాయనకు పగటి వెలుగులో దొరికే రోజులు ఏడాదికి పది. ఈ ప్రాంతంలో పెంటులు ఎక్కువగా ఎదకు వచ్చేది నవంబరు నడుమ, పగటి నిడివి తగ్గడాన్ని బట్టి అది ఏటా దాదాపు అవే రోజుల్లో జరుగుతుంది. దానికి ముందు వారమే ముసలి పోతులు సైతం జాగ్రత్త మరిచి పెంటుల కోసం తిరుగుతాయి. అందుకని నవంబరు 15 దాకా నా గురి పెద్దాయన ఒక్కడే, ఆ తరువాతే వంకరకొమ్ము. అక్టోబరంతా ఇంటికి మాంసం కోసం పెంటుల వేట, అదీ చేను తూర్పు అంచున, కనుమకు దూరంగా. సీజను శనివారం మొదలవుతుంది, మా ఆవిడకు శనివారం వేంకటేశ్వరస్వామి ఒక్కపొద్దు; మొదటి రోజు ఏది తెచ్చినా ఆదివారం దాకా ఫ్రిజ్‌లో పడి ఉండవలసిందే.

ఈ లెక్కను తారుమారు చెయ్యగలిగినది ఒకటుంది. ఎండాకాలం చివర చిన్న దోమల్లాంటి నుసుములు కుట్టి దుప్పులకు ఒక రకం రక్తస్రావపు జ్వరం వస్తుంది. జ్వరంతో కాగిపోతూ నీళ్ల దగ్గరికి పోయి అక్కడే చచ్చిపడతాయి. 2025లో ఇది ఆగ్నేయ ఒహాయోను గట్టిగా కొట్టింది. గడ్డకట్టే చలి పడితే నుసుములు చస్తాయి, అంతవరకు నా జాబితాకు హామీ లేదు. నిన్న వాగు వెంబడి కిలోమీటరు నడిచి వాసన చూసుకుంటూ వచ్చాను, ఏమీ కనిపించలేదు.

విల్లు సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. నాది చక్రాల విల్లు, 60 పౌండ్ల లాగుడు. చట్టానికి 40 చాలు. రోజూ సాయంత్రం పెరట్లో పది బాణాలు వేస్తాను, లెక్కకు మాత్రం మొదటిదే తీసుకుంటాను, ఎందుకంటే మంచె మీద రెండో బాణానికి సమయం ఉండదు. 25 గజాలు దాటితే అల్లెతాడు లాగనని నాకు నేనే హద్దు పెట్టుకున్నాను.

వచ్చే శనివారం కనుమ దగ్గరి మంచె పట్టీలు మార్చి, కొమ్మలు రెండు కొట్టి రావాలి. ఆ తరువాత నవంబరు దాకా అటు వెళ్లను. అక్కడికి ఆగ్నేయం నుంచి గాలి వీస్తే నా వాసన తిన్నగా పెంటులు పడుకునే తుప్పల్లోకి పోతుంది. ఆ రోజుల్లో నవంబరు అయినా సరే ఇంట్లో కూర్చొని నీకు ఫోను చేస్తాను. అమ్మకు నా నమస్కారాలు చెప్పు. మీ నాన్నగారిని అడిగి, పళ్లు చూడకుండా ఎద్దు వయసు పట్టే గుర్తులు ఇంకేమైనా ఉంటే రాసి పంపు, ఆయన నడుము ఎముకల దగ్గర ఏదో చెయ్యి పెట్టి చూసేవారని గుర్తు.

నీ
శీను